ఐడీపీఎల్ గేటు దాటిన విద్య

హైదరాబాద్ బాలానగర్ దారిలో ఐడీపీఎల్ అన్న పేరు ఇప్పటికీ వాడుకలో ఉంది. ఆటోవాళ్లకు తెలుసు, అద్దె ఇళ్లు వెతుక్కునేవాళ్లకు తెలుసు, అక్కడి కాలనీకీ అదే పేరు. ఆ పేరు తెచ్చిన ఫ్యాక్టరీలో మాత్రం మందుల తయారీ ఆగిపోయి చాలా ఏళ్లయింది. జమాఖర్చులు చూస్తే అది ప్రభుత్వం పెట్టి, నష్టపోయి, చివరికి చేతులెత్తేసిన సంస్థ. అయినా జీడిమెట్ల, బొల్లారం, పటాన్‌చెరు నుంచి విశాఖపట్నం దగ్గరి పరవాడ దాకా ఈనాడు నడుస్తున్న మందుల పరిశ్రమ మూలాలు తవ్వుకుంటూ పోతే, దారి మళ్లీ మళ్లీ ఆ గేటు దగ్గరికే వస్తుంది.

ప్రభుత్వం పరిశోధన మీద పెట్టిన రూపాయి ఎవరి ఖాతాలో లాభంగా తేలుతుంది? ఆర్థికశాస్త్రవేత్తలు ఈ ప్రశ్న మీద దశాబ్దాలుగా వాదించుకుంటున్నారు. తెలుగువాళ్లకు దాని జవాబు ఇంటి దగ్గరే ఉంది. హైదరాబాద్‌లో ఆ రూపాయి విత్తిన చేలో పండలేదు, పక్క చేలో పండింది. పండిందన్నది నిజం, పక్క చేలో అన్నదీ నిజం. ఈ రెంటినీ కలిపి చూస్తేనే చరిత్ర అర్థమవుతుంది.

కథ ఐడీపీఎల్‌కంటే ముందే మొదలైంది. 1944లో నిజాం ప్రభుత్వం శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన కోసం హైదరాబాద్‌లో కేంద్ర ప్రయోగశాలలను నెలకొల్పింది. సంస్థానంలో దొరికే బొగ్గు, నూనెగింజలు, మట్టి, ఖనిజాలతో ఏమేం తయారుచేయవచ్చో తేల్చడం వాటి పని. సంస్థానం పోయినా ప్రయోగశాల పోలేదు. 1956లో అది కేంద్ర ప్రభుత్వ పరిశోధనా మండలి సీఎస్ఐఆర్ కిందికి వచ్చి రీజనల్ రీసెర్చ్ లేబొరేటరీ అయింది. అది ఉన్న తార్నాక ప్రాంతపు జనం నోట ఆర్ఆర్ఎల్‌గా స్థిరపడింది. దాన్ని తీర్చిదిద్దిన డైరెక్టర్ సయ్యద్ హుసేన్ జహీర్ 1962లో సీఎస్ఐఆర్‌కే అధిపతిగా ఢిల్లీ వెళ్లాడు. 1950ల మొదట్లో ఇక్కడే పనిచేసిన యువ శాస్త్రవేత్త పుష్ప భార్గవ తర్వాతి కాలంలో కణ, అణు జీవశాస్త్ర కేంద్రం సీసీఎంబీని నిర్మించాడు. 1989 నుంచి ఆర్ఆర్ఎల్ పేరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ, అంటే ఐఐసీటీ.

ఆ రోజుల్లో దేశంలో మందుల పరిస్థితి దారుణంగా ఉండేది. 1911 నాటి పేటెంటు చట్టమే ఇంకా నడుస్తోంది. మందు మీద పేటెంటు ఉన్న విదేశీ కంపెనీ దాన్ని ఇక్కడ తయారుచేయకపోయినా, మరొకరిని చేయనివ్వకుండా 16 ఏళ్లు ఆపగలిగేది. అమెరికాలో సెనేటర్ ఎస్టెస్ కీఫావర్ నడిపిన విచారణ మందుల ధరలను దేశదేశాలతో పోల్చి చూసినప్పుడు, ప్రపంచంలోనే ఎక్కువ ధరలు చెల్లిస్తున్న దేశాల్లో భారతదేశం ఒకటని తేలింది. అతి తక్కువ ఆదాయం ఉన్న జనం అతి ఎక్కువ ధర కడుతున్నారన్నమాట.

దీనికి ప్రభుత్వం వేసిన మొదటి అడుగు సొంత ఫ్యాక్టరీలు. 1954లో పుణె పక్కన పింప్రీలో హిందుస్థాన్ యాంటీబయోటిక్స్ వచ్చింది. 1961లో సోవియట్ సాయంతో ఇండియన్ డ్రగ్స్ అండ్ ఫార్మాస్యూటికల్స్ లిమిటెడ్, అంటే ఐడీపీఎల్, పుట్టింది. రిషీకేశ్‌లో యాంటీబయోటిక్స్, మద్రాసులో శస్త్రచికిత్స పరికరాలు, హైదరాబాద్‌లో సింథటిక్ డ్రగ్స్. రసాయనాలను అంచెలంచెలుగా మార్చుకుంటూ పోయి మందు తయారుచేసే కర్మాగారం బాలానగర్‌కు దక్కడంతో ఈ నగరం తలరాత మారింది.

ఎందుకంటే రసాయనశాస్త్రం చదవడం వేరు, రసాయనం తయారుచేయడం వేరు. ప్రయోగశాలలో లీటరు ఫ్లాస్కులో రెండు ద్రవాలు కలిపితే పుట్టే వేడి గాజు గోడల గుండా ఇట్టే బయటికి పోతుంది. అదే చర్యను వెయ్యి లీటర్ల రియాక్టర్‌లో చేస్తే ఘనపరిమాణం వెయ్యి రెట్లవుతుంది, వేడి బయటికి పోయే ఉపరితలం మాత్రం వంద రెట్లే పెరుగుతుంది. వేడి లోపలే పేరుకుంటుంది. సరుకు మాడిపోవచ్చు, అక్కర్లేని పదార్థం పుట్టవచ్చు, రియాక్టరే పేలిపోవచ్చు. రెండో ద్రవాన్ని ఎంత నెమ్మదిగా వదలాలి, జాకెట్‌లో చల్లనీళ్లు ఎప్పుడు తిప్పాలి, ఏ ఉష్ణోగ్రత దగ్గర ఆపాలి, స్ఫటికాలు ఏ సైజులో దిగితే వడపోతకు లొంగుతాయి, వాడిన ద్రావణిని ఎంతమేరకు తిరిగి రాబట్టవచ్చు అన్నవి ఏ పుస్తకంలోనూ దొరకవు. ఫ్లాస్కుకూ ఫ్యాక్టరీకీ మధ్య ఉండే పైలట్ ప్లాంటులో చేతులు కాల్చుకుంటే వస్తాయి. అప్పట్లో ప్రైవేటు వ్యాపారికి ఆ ఖర్చు భరించే స్తోమతా లేదు, ఓపికా లేదు. ఆ ఖర్చు ప్రభుత్వం భరించింది. వందల మంది కెమిస్టులు, కెమికల్ ఇంజనీర్లు ప్రభుత్వ జీతం తీసుకుంటూ బాలానగర్‌లో ఆ విద్య నేర్చుకున్నారు.

రెండో అడుగు చట్టం. 1959లో జస్టిస్ రాజగోపాల అయ్యంగార్ ఇచ్చిన నివేదిక పునాదిగా 1970లో కొత్త పేటెంట్ల చట్టం తయారై, 1972 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చింది. ఇకమీదట మందు అనే పదార్థం మీద పేటెంటు లేదు, దాన్ని తయారుచేసే పద్ధతి మీదే ఉంటుంది. అదీ గరిష్ఠంగా 7 ఏళ్లు. ఎవరైనా వేరే దారిలో అదే మందును చేరుకోగలిగితే అమ్ముకోవచ్చు. ఒక్క వాక్యం మార్పుతో ప్రయోగశాలల్లో, ఐడీపీఎల్‌లో పోగుపడిన నైపుణ్యానికి మార్కెట్‌లో విలువ వచ్చింది. అప్పటిదాకా కొత్త పద్ధతి కనిపెట్టినా అమ్ముకునే దారి లేదు. ఇప్పుడు కొత్త పద్ధతి తెలిసినవాడే వ్యాపారి.

ఆ మార్పును అందిపుచ్చుకున్నవారిలో ముందువరసలో ఉన్నది గుంటూరు జిల్లా తాడేపల్లి పసుపు రైతు కుటుంబం నుంచి వచ్చిన కల్లం అంజిరెడ్డి. ఆయన చదువు, ఉద్యోగాల క్రమం చూస్తే ప్రభుత్వ పెట్టుబడి ఒక మనిషిలోకి ఎలా చేరిందో కనిపిస్తుంది. బొంబాయి విశ్వవిద్యాలయ రసాయన సాంకేతిక విభాగం యూడీసీటీలో చదువు, పుణె నేషనల్ కెమికల్ లేబొరేటరీలో పీహెచ్‌డీ, 1969 నుంచి 1975 దాకా ఐడీపీఎల్‌లో ఉద్యోగం. మూడూ ప్రజల సొమ్ముతో నడిచినవే. ఆ తర్వాత బయటికి వచ్చి యూనిలాయిడ్స్‌లో భాగస్వామిగా, ఆపైన స్టాండర్డ్ ఆర్గానిక్స్‌లో భాగస్వామిగా బల్క్ డ్రగ్స్ చేశాడు. 1984లో డాక్టర్ రెడ్డీస్ లేబొరేటరీస్ పెట్టాడు. మొదటి సరుకు రక్తపోటు మందు మిథైల్‌డోపా. తయారీ కష్టమని పేరుపడ్డ ఆ మందునే ఏరికోరి ఎంచుకోవడం ఐడీపీఎల్ నేర్పిన ధైర్యం. 2001లో ఆ కంపెనీ న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదైంది.

ఒక్క అంజిరెడ్డితో ఆగలేదు. ఆయన భాగస్వామిగా ఉన్న కెమినార్‌లో పనిచేసిన మురళి దివి 1990లో దివీస్ మొదలుపెట్టాడు. ఆ కాలంలోనే నాట్కో, అరబిందో, హెటెరో కంపెనీలూ వచ్చాయి. ఒక కంపెనీలో చేయి తిరిగిన మనిషి రెండో కంపెనీకి మేనేజరై, మూడోదానికి యజమాని కావడం హైదరాబాద్‌లో మామూలు సంగతి అయింది. రియాక్టర్లు చేసేవాళ్లు, ద్రావణులు అమ్మేవాళ్లు, పరీక్షలు చేసే ల్యాబులు చుట్టూ వెలిశాయి. ఊళ్లల్లో భూమి అమ్మి వాటా పెట్టిన బంధువులు ఉన్నారు, బీఎస్సీ కెమిస్ట్రీ చదివి షిఫ్టు డ్యూటీలకు వచ్చిన కుర్రాళ్లు ఉన్నారు. వీటిలో ఏదీ ఐడీపీఎల్ వార్షిక నివేదికలో ఆదాయంగా కనబడలేదు.

ఆర్ఆర్ఎల్ దారి వేరు. అక్కడి నుంచి మనుషులకంటే ఎక్కువగా పద్ధతులు బయటికి వెళ్లాయి. కంపెనీ ఫీజు కడుతుంది, ప్రయోగశాల ఆ మందుకు కొత్త తయారీ మార్గం కనిపెట్టి ఇస్తుంది. గుంటూరులో పుట్టిన ఎ.వి. రామారావు 1985 నుంచి 1995 దాకా డైరెక్టర్‌గా ఉన్న కాలంలో ఈ లావాదేవీ బాగా ఊపందుకుంది. అందులో చరిత్రలో నిలిచేది ఎయిడ్స్ మందు ఏజెడ్‌టీ. దాని తయారీ పద్ధతిని ఐఐసీటీ అభివృద్ధి చేసి బొంబాయి కంపెనీ సిప్లాకు ఇచ్చింది. 1993లో సిప్లా దాన్ని విదేశీ ధరలో చిన్న భాగానికే మార్కెట్‌లోకి తెచ్చింది. 2001లో అదే కంపెనీ మూడు మందుల ఎయిడ్స్ చికిత్సను ఏడాదికి 350 డాలర్లకే ఇస్తామని ప్రకటించి ప్రపంచాన్ని కదిలించింది. అంతకుముందు ఆ చికిత్సకు ఏడాదికి 10 వేల డాలర్లకు పైగా అయ్యేది. ఆఫ్రికాలో లక్షల ప్రాణాలు నిలిపిన ఆ బాటలో తొలి అడుగుల్లో ఒకటి తార్నాకలో పడిందని తెలుగు విద్యార్థులకు పాఠంగా చెప్పాలి.

మందుల తర్వాత టీకాల వంతు. 1990ల మొదట్లో హెపటైటిస్-బి టీకా విదేశాల నుంచి వచ్చేది, డోసు ధర వందల రూపాయల్లో ఉండేది. ఎలక్ట్రానిక్స్ ఇంజనీరైన కె.ఐ. వరప్రసాద్ రెడ్డి టీకా సాంకేతికత కోసం విదేశీ కంపెనీల తలుపు తట్టి అవమానమే ఎదుర్కొన్నాడు. 1993లో తల్లి పేరున శాంతా బయోటెక్నిక్స్ పెట్టాడు. సరుకు చూపనిదే బ్యాంకులు అప్పివ్వవు, అప్పు లేనిదే సరుకు తయారు కాదు. ఒమన్ విదేశాంగ మంత్రి యూసుఫ్ బిన్ అలవీ పెట్టుబడి పెట్టాడు. పరిశోధన మొదట ఉస్మానియా విశ్వవిద్యాలయంలో, తర్వాత సీసీఎంబీ ఆవరణలో సాగింది. కోట్ల విలువైన పరికరాలు, అడిగితే సలహా చెప్పే శాస్త్రవేత్తలు, శుభ్రమైన గది. చిన్న కంపెనీ సొంతంగా సమకూర్చుకోలేనివన్నీ అక్కడ దొరికాయి.

పనిలో కష్టం ఇదీ. వైరస్ పైపొరలోని ఒక ప్రొటీన్‌ను తయారుచేయించే జన్యువును ఈస్ట్ కణంలో చేర్చాలి. ఆ ఈస్ట్‌ను ఫెర్మెంటర్‌లో పెంచాలి. కణాలను పగలగొట్టి, వేల రకాల ప్రొటీన్ల నడుమ నుంచి కావలసిన ఒక్కదాన్ని మాత్రమే, మరేదీ అంటకుండా వేరుచేయాలి. ఏ దశలో శుద్ధి తప్పినా సరుకంతా పారబోయాల్సిందే. శాంతా ఎంచుకున్నది పికియా పాస్టోరిస్ అనే ఈస్ట్ రకం. 1997 ఆగస్టులో శాన్‌వాక్-బి విడుదలైంది. డోసు 50 రూపాయలు.

ఈ టీకా మార్కెట్‌కు వచ్చే దశలో అక్కరకొచ్చింది టెక్నాలజీ డెవలప్‌మెంట్ బోర్డు. 1996లో ఏర్పడిన ఈ బోర్డుకు డబ్బు వచ్చిన తీరు గమనించదగ్గది. విదేశీ సాంకేతికతను కొనుక్కునే కంపెనీలు చెల్లించే మొత్తం మీద 1986 చట్టం ప్రకారం 5 శాతం సెస్సు వసూలయ్యేది. ఆ సొమ్ము స్వదేశీ సాంకేతికతకు అప్పుగా వెళ్లాలన్నది ఉద్దేశం. బ్యాంకు ఆస్తుల తాకట్టు చూసే చోట బోర్డు ప్రయోగ ఫలితాలు చూసింది. శాంతా దారి చూపాక భారత్ బయోటెక్ వంటి మరికొన్ని కంపెనీలూ అదే టీకా చేశాయి, ధర ఇంకా తగ్గింది. ఆ తర్వాత జాతీయ టీకాల కార్యక్రమంలో హెపటైటిస్-బి చేరగలిగిందంటే కారణం ఆ ధరే. 2009లో శాంతా ఫ్రాన్సుకు చెందిన సనోఫీ చేతికి వెళ్లింది. ప్రజల ల్యాబులో పెరిగిన కంపెనీ విదేశీ సొత్తు అయిందన్న బాధ సహజమే. చౌక టీకా మాత్రం దేశంలోనే ఉండిపోయింది.

ఓపికకు అసలు ఉదాహరణ రోటావైరస్ టీకా. 1980ల నడుమ ఢిల్లీ ఎయిమ్స్‌లో పసిపిల్లల దగ్గర ఎం.కె. భాన్ బృందం ఒక వింత వైరస్ రకాన్ని గుర్తించింది. అది సోకిన పిల్లలకు విరేచనాలు పట్టుకోలేదు, పైగా తర్వాత రక్షణ దొరికింది. 116ఈ అని పేరుపెట్టిన ఆ రకాన్ని టీకాగా మార్చే పనిలో కేంద్ర బయోటెక్నాలజీ శాఖ, అమెరికా ప్రభుత్వ సంస్థలు, గేట్స్ ఫౌండేషన్, హైదరాబాద్ భారత్ బయోటెక్ చేతులు కలిపాయి. ఢిల్లీ, పుణె, వెల్లూరులలో 6,799 మంది శిశువుల మీద మూడో దశ పరీక్షలు జరిగాయి. 2015 మార్చిలో రోటావాక్ విడుదలైంది. 2016లో ప్రభుత్వ కార్యక్రమం కింద రోటావైరస్ టీకా మొదట వేసిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. వైరస్ దొరికిన నాటి నుంచి టీకా బిడ్డ నోట్లో పడేదాకా సుమారు 30 ఏళ్లు. మూడు నెలలకోసారి లాభాలు చూపించాల్సిన ఏ కంపెనీ అయినా అన్నేళ్లు ఒంటరిగా ఆగగలదా?

కోవిడ్ కాలంలో ఆ పునాది చప్పున అక్కరకొచ్చింది. పుణె జాతీయ వైరాలజీ సంస్థ వేరుచేసిన వైరస్‌తో భారత్ బయోటెక్ కోవాగ్జిన్ తయారుచేసింది. పరీక్షలకు భారత వైద్య పరిశోధనా మండలి ఐసీఎంఆర్ 35 కోట్ల రూపాయలు ఖర్చుపెట్టింది. అమ్మకాల మీద 5 శాతం రాయల్టీ ఒప్పందం ముందే రాసుకుంది. 2022 జనవరి ఆఖరుకు దాదాపు 172 కోట్లు రాయల్టీగా వచ్చినట్టు ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పింది. ఐడీపీఎల్ రోజుల్లో లేని తెలివి ఇది. ప్రజల డబ్బుతో ఫలించిన వ్యాపారంలో ప్రజలకూ వాటా ఉండాలన్న సూత్రం ఇక్కడ కాగితం మీదికి ఎక్కింది.

పన్ను రాయితీల కథ ఇంత సూటిగా లేదు. సొంత పరిశోధనా విభాగం నడిపే కంపెనీలకు 1997లో ఆదాయపు పన్ను చట్టంలో 35(2ఏబీ) సెక్షన్ వచ్చింది. 2010కల్లా పరిశోధన మీద 100 రూపాయలు ఖర్చుచేస్తే పన్ను లెక్కలో 200 చూపుకునే వీలు దొరికింది. 2017లో అది 150కి, 2020లో 100కి తగ్గింది. పేటెంట్ల చట్టం 2005లో మళ్లీ మారి పదార్థం మీద పేటెంట్లు తిరిగొచ్చిన కాలంలో, పెద్ద కంపెనీలు పరిశోధన విస్తరించుకోవడానికి ఈ రాయితీ తోడ్పడింది. కానీ లాభం వస్తేనే పన్ను, పన్ను ఉంటేనే రాయితీ. మొదటి టీకా అమ్మకముందు శాంతా లాంటి కంపెనీకి దానితో పైసా ఉపయోగం లేదు. అలాంటివాళ్లకు పనికొచ్చేది నేరుగా ఇచ్చే గ్రాంటు, ల్యాబులో చోటు, తాకట్టు అడగని అప్పు. 2012లో ఏర్పడిన కేంద్ర ప్రభుత్వ బయోటెక్ ప్రోత్సాహక సంస్థ బైరాక్ కొత్త ఆలోచనకు 50 లక్షల దాకా గ్రాంటు ఇవ్వడం ఆ పాఠం నేర్చుకున్న ఫలితం.

నష్టాలు కూడా రాసుకోవాలి. ఐడీపీఎల్‌ను 1992లో ఖాయిలా పరిశ్రమగా ప్రకటించారు, 2016 డిసెంబరులో మూసివేతకు కేంద్ర మంత్రివర్గం నిర్ణయించింది. దానిలాంటి ప్రభుత్వ సంస్థలు చతికిలబడి, చైనా నుంచి చౌక సరుకు దిగుమతి కావడంతో పెన్సిలిన్-జి లాంటి ప్రాథమిక మందుకు సైతం దేశం పరాధీనమైంది. 2020లో 6,940 కోట్లతో ప్రోత్సాహక పథకం పెట్టాక కాకినాడ దగ్గర అరబిందో అనుబంధ సంస్థ పెన్సిలిన్-జి తయారీని మళ్లీ మొదలుపెట్టింది. ఒకసారి చేతిలో ఉన్న విద్యను పోగొట్టుకుని తిరిగి కొనుక్కోవడానికి అయిన ఖర్చు అది.

అంతకంటే పెద్ద మూల్యం పటాన్‌చెరు చెల్లించింది. మందుల కంపెనీల వ్యర్థాలు నక్కవాగులో కలిసి చెరువులు, బావులు, పొలాలు పాడయ్యాయి. రైతుల గోడు 1990లో సుప్రీంకోర్టుకు చేరింది. అక్కడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్ససిన్ ఉందని 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ప్రచురించిన పరిశోధన ప్రపంచాన్ని విస్తుపోయేలా చేసింది. రోగి రక్తంలో మందు పనిచేస్తున్నప్పుడు ఉండే మోతాదుకంటే అది ఎక్కువ. మందు తయారుచేసే దారి వెతకడానికి ప్రభుత్వం డబ్బిచ్చింది, వ్యర్థాన్ని శుద్ధిచేసే దారి వెతకడానికి అదే శ్రద్ధతో ఇవ్వలేదు. ఆ తేడా ఊళ్ల మీద పడింది.

భారతదేశం ఈనాటికీ పరిశోధన మీద స్థూల దేశీయోత్పత్తిలో 0.64 శాతమే ఖర్చుచేస్తోంది. అందులో ప్రైవేటు రంగం వాటా మూడో వంతుకు కాస్త ఎక్కువ. దీన్ని మార్చాలని 2025 జులైలో కేంద్రం లక్ష కోట్ల పరిశోధన, నవకల్పన నిధికి ఆమోదం తెలిపింది. ప్రైవేటు కంపెనీలకు తక్కువ వడ్డీకి దీర్ఘకాలిక అప్పులివ్వడం దాని ప్రధాన మార్గం. ఆ నిధిని నడిపేవారు హైదరాబాద్ అనుభవాన్ని ముందు పెట్టుకోవాలి. అప్పు తీసుకునే కంపెనీకి వెనక ఆర్ఆర్ఎల్, సీసీఎంబీ లాంటి ల్యాబులు లేకపోతే ఆ డబ్బు యంత్రాల దిగుమతికే పోతుంది. కాబట్టి ప్రభుత్వ ప్రయోగశాలల్లో ఖాళీలు నింపాలి, పైలట్ ప్లాంట్లు కట్టాలి. చేసుకునే ప్రతి ఒప్పందంలో ప్రజలకు రాయల్టీ, మందు ధరకు హద్దు, వ్యర్థాల శుద్ధికి పూచీ రాయించుకోవాలి. మూడేళ్లకే లాభమేదని నిలదీసి మంచి ప్రయత్నాన్ని మధ్యలో ఆపకూడదు. ఐడీపీఎల్ నష్టాల్ని మాత్రమే లెక్కగట్టినవాళ్లు దాని ఫలితాన్ని చూడలేకపోయారు. ఈసారైనా లెక్క కంపెనీ దగ్గర ఆగకుండా, అక్కడ పని నేర్చుకున్న మనుషుల దాకా, ఆ ఊరి నీళ్ల దాకా వెళ్లాలి.